పదకొండో గుడ్డు

నిన్న పొద్దు వాలే వేళకు చిట్లింది ఈ గుడ్డు. ఇప్పుడు మళ్ళీ పొద్దు వాలుతోంది, నాలుగున్నర బస్సుకు ఇంకా గంట ఉందేమో, లోపలి పిల్ల మాత్రం చిట్లిన చోట ముక్కు కొన చూపించి అక్కడే ఆగిపోయింది. పదకొండు గుడ్లు పెట్టి పొదగేస్తే తొమ్మిది పిల్లలయ్యాయి, ఒకటి మురిగిపోయింది, మిగిలింది ఇదొక్కటే. తొమ్మిదీ నల్లపెట్ట రెక్కల కింద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఒకటి అప్పుడే తల్లి వీపెక్కి జారి శనగపొట్టులో పడి లేచింది. వంటింటి మూల ఈ గంప ముందు బాసింపట్లు వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా చూస్తే ఓబులమ్మకు మతి చెడిందనుకుంటారు, అనుకోనీ. చేతులు బయట ఉంటే ఊరుకోవు, అది నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నోటిని మాత్రం దేని కింద పెట్టుకోవాలో ఈ నలభై ఆరేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. వాకిట్లో అరుగు మీద నా తమ్ముడు చిన్నప్ప కూర్చుని ఉన్నాడు. రాయదుర్గం నుంచి చెప్పాపెట్టకుండా వచ్చి, సంగటి తిని, చెయ్యి కడుక్కుని, అక్కా నేను, అని అక్కడే ఆగిపోయాడు.

అక్కా నేను. ఆ రెండు మాటలు విని ఎన్నాళ్ళయింది. పన్నెండేళ్ళుగా వాడు నాతో మాట మొదలుపెట్టలేదు. ఏడాదికోసారి వస్తాడు, చీర పెడతాడు, బాగుండావా అంటే తల ఊపుతాడు, ఇంకొంచెం వెయ్యనా అంటే చెయ్యి అడ్డం పెడతాడు, పోతాడు. అంతే మా మాటలు. పుట్టినప్పటి నుంచీ నత్తి వాడికి, ఇప్పుడొచ్చింది కాదు, కానీ నత్తి వేరు, నోరు కట్టేసుకోవడం వేరు. ఈరోజు నేను అన్నాడు, అనగానే నా నాలుక చివరకు పది మాటలు వచ్చి నిలబడ్డాయి, ఒంట్లో బాగలేదా, మగ్గం వదిలేసినావా, ఎవురన్నా ఏమన్నా అన్నారా, ఈడికే వచ్చి ఉంటావా. ఒక్కటి జారినా వాడు తల ఊపి ఊరుకుంటాడు, చెప్పాలని వచ్చింది కడుపులోనే పెట్టుకుని నాలుగున్నరకు బస్సెక్కుతాడు, ఆ తర్వాత మళ్ళీ పన్నెండేళ్ళో, అసలు లేనే లేదో. అందుకే కోడి చూసొస్తానని లేచి లోపలికి వచ్చి కూర్చున్నాను. కోడి సాకు. నన్ను నేను వాడికి అందకుండా పెట్టుకోవడానికి వచ్చాను. మా ఆయన ఇంట్లో ఉండుంటే ఏదో ఒకటి వాగి చెడగొట్టేవాడు, మంచిదే అయింది, విత్తనాల కోసమని నల్లమాడ పోయాడు. వాన లేదు, విత్తనాలు తెచ్చి ఏం చేస్తాడో, ఈ గాలికి ఎగరేస్తాడేమో.

ఆషాఢమంతా ఇదే గాలి. మబ్బు వస్తుంది, మన నెత్తి మీదే వస్తుంది, వచ్చి కర్ణాటక వైపు పోతుంది. దుమ్ము లేస్తుంది, తలుపు కొట్టుకుంటుంది, కడవలో నీళ్ళు కూడా తగ్గిపోయినట్టు కనిపిస్తాయి. గంపలో పొట్టు కింద బొగ్గుముక్క, ఇనుప మేకు పెట్టాను, ఉరిమితే గుడ్లు చెడతాయని మా అమ్మ పెట్టేది, నేనూ పెడతాను. ఉరిమితే కదా. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్క ఉరుము లేదు. నేను భయపడవలసింది ఉరుముకు కాదు, ఈ గాలికి, అది నిన్న రాత్రే నాకు తోచింది. తలుపు సందులోంచి వచ్చి సరిగ్గా ఈ మూలకే కొడుతోంది. పెంకు లోపల పొర ఉంటుంది కదా, అది తడిగా, తెల్లగా ఉన్నంతసేపు పిల్ల దాన్ని చీల్చుకోగలదు. గాలికి ఎండిందంటే పిల్ల ఒంటికే అంటుకుపోతుంది, అప్పుడు ఎంత బలమున్నా తిరగలేదు, పెంకులోనే ఉండిపోతుంది. పొద్దున చూసినప్పుడు పొర తెల్లగానే ఉంది. మధ్యాహ్నం అంచు మాత్రం రంగు మారింది. ఇప్పుడు చూడటానికి భయమేసి చూడటం లేదు.

ఇదంతా జమీలాబీ చెప్పిన విద్య. దూదేకుల జమీలాబీ, మాకు రెండిళ్ళవతల ఉండేది, ఊళ్ళో సగం కోళ్ళు ఆమె గంపల్లో పుట్టినవే. నాకు పదమూడేళ్ళు అప్పుడు, అమ్మ పోయి ఏడాది. నాయన తుంగభద్ర కాలువ పనులకని పోయి మళ్ళీ రాలేదు, అక్కడే జ్వరం వచ్చి పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. ఇంట్లో నేను, నాలుగేళ్ళ చిన్నప్ప, అమ్మ వదిలిపోయిన ఒక ఎర్రపెట్ట. అది పొదిగితే గుడ్డులోంచి పిల్ల కూసింది. నేను విన్నాను, ఆ సన్నని కూత విని తట్టుకోలేకపోయాను. లోపల ఊపిరాడక ఏడుస్తోంది అనుకున్నాను. గోరుతో పెంకు వలిచాను, కోడిగుడ్డు ఉడకేసి వలిచినట్టే వలిచాను. ఒకటి కాదు, నాలుగు. లోపల సన్నని ఎర్రటి నరాలు, గోరు తగలగానే రక్తం, కడుపు దగ్గర పచ్చసొన ఇంకా లోపలికి పోనేలేదు, సంచిలా వేలాడుతోంది. నాలుగూ నా ఒళ్ళోనే కాళ్ళు చాపి ఆగిపోయాయి. చిన్నప్ప పక్కనే కూర్చుని చూశాడు. అందరు పిల్లల్లా ఏడవలేదు, ఏదో అనబోయాడు, నొ నొ అని నోరు తిప్పుకోలేక నా చేతి మీద కొట్టాడు. నొప్పి అనబోయాడో, నొక్కొద్దు అనబోయాడో నాకు తెలియదు, నేను ఆగలేదు కదా వినడానికి. జమీలాబీ వచ్చి చూసి నన్ను ఒక్క దెబ్బ కొట్టి, తర్వాత పక్కన కూర్చుంది.

"కూస్తాండాదంటే బాగుండాదని అర్థమే పిల్లా. చిట్లినంక ఒక పగలూ ఒక రాత్రీ అది పని జేసుకుంటాది, నడుమ నిద్రపోతాది గూడా. అంతసేపూ నీ చేతులు తొడల కింద పెట్టుకోని కూచో. పొర తెల్లగుంటే తాకొద్దు. ఎండి చెక్క మాదిరి గోధుమరంగుకు తిరిగినప్పుడే తడిపి రవ్వంత లేపు. రక్తం కనబడిందా, వదిలెయ్యి, మళ్ళా అదే జూసుకుంటాది."

ఎంత బాగా చెప్పిందో. ఎప్పుడు ముట్టకూడదో చెప్పింది, ఎప్పుడు ముట్టాలో చెప్పింది, ఎంతవరకో కూడా చెప్పింది. కోళ్ళ విషయంలో ఆ తర్వాత నేనెప్పుడూ తప్పు చేయలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఎన్ని గంపల పిల్లలను దించానో, చెయ్యి తొడ కింద పెట్టుకోవడం మరిచిపోలేదు. అది కోళ్ళకు మాత్రమే అనుకున్నాను. బుర్ర ఉన్నది దేనికో.

ఎందుకంటే ఇంట్లో ఇంకొకటి ఉంది కదా, మాట తిరగక కొట్టుకునేది. వస కొమ్ము సానరాయి మీద అరగదీసి వాడి నాలుక మీద రాసేదాన్ని, వాంతి చేసుకునేవాడు, మళ్ళీ రాసేదాన్ని. అంగడికి పంపితే బె బె అంటూ నిలబడేవాడు, అంగడివాళ్ళు నవ్వేవాళ్ళు, నేను వెనకే పరుగెత్తుకుపోయి బెల్లం అనేదాన్ని. బడిలో అయ్యవారు పేరు అడిగితే కిటికీ అవతల నుంచి నేనే చెప్పాను, చిన్నప్ప సార్ అని. అందరూ నవ్వితే నాకు గర్వంగా ఉండేది, చూడండి నా తమ్ముడికి నేనున్నాను అని. పదహారేళ్ళకు నాకు ఈ ఊళ్ళోనే పెళ్ళి చేస్తామంటే, తమ్ముడు నాతోపాటు వస్తేనే అని పట్టుబట్టి తెచ్చుకున్నాను. ఆ మాట కూడా వాడిని అడగకుండానే అన్నాను. వాడు మాట మొదలుపెట్టేవాడు, నేను ముగించేదాన్ని, మొగుడూపెళ్ళాలు గంగాళం మోసినట్టు చెరో చెవీ పట్టుకుని. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గానే చెప్పేదాన్ని, అదే నా ఖర్మ. తప్పు చెప్పి ఉంటే వాడు ఎదురుతిరిగి ఉండేవాడు, పోట్లాడైనా మాట నేర్చుకుని ఉండేవాడు. అంత బాగా చెప్పేస్తే వాడికి చెప్పడానికి ఏం మిగిలింది. తల ఊపడం ఒక్కటే మిగిలింది.

గంపలో కదలిక. నల్లపెట్ట సగం లేచి, మళ్ళీ కూర్చుంది. పిల్లలు వాకిలి వైపు వెలుతురు చూస్తున్నాయి. ఇంకాసేపట్లో లేస్తుంది ఇది, తొమ్మిది మంది ఆకలి ముఖ్యమా, బయటికి రాని ఒకటి ముఖ్యమా అంటే తల్లికోడి రెండుసార్లు ఆలోచించదు. లేచి వాకిట్లోకి పోయి కక్కక్కమంటుంది, ఈ పదకొండోది ఇక్కడ గాలికి పడి ఉంటుంది. అరుగు మీద చిన్నప్ప దగ్గాడు. దగ్గు వాడికి మాటకు ముందు వచ్చేది, చిన్నప్పుడు. నేను చెవి అటు పెట్టాను. దగ్గు తర్వాత ఏమీ రాలేదు. బయట గాలి, దూరంగా ఎవరిదో ఎద్దుల గజ్జెలు.

డెబ్బై మూడు కరువుకు ఊరంతా రాళ్ళు కొట్టడానికి పోతే వాడు ధర్మవరం పోయాడు. మాకు మగ్గం తాతల నాటి పని, నడుమ పొలంలో పడి మరిచిపోయాము, వాడి వేళ్ళు మాత్రం మరిచిపోలేదు. ఏడాది తిరగకుండా పట్టుచీర అంచు నేయడానికి కూర్చోబెట్టారంటే ఎంత పనివాడో చూడండి. పట్టుపోగు తెగితే అందరూ లాగి ముడేస్తారట, వీడు వేలు తడిచేసుకుని, రెండు కొసలూ ఆనించి, మెలి పడేదాకా ఊరికే పట్టుకుని కూర్చునేవాడట. ఆ మగ్గం ఇంటికి పక్కిల్లు శ్రీరంగప్పది, మావాళ్ళే, దూరపు చుట్టరికం కూడా ఉంది. వాళ్ళమ్మాయి సుంకమ్మ మగ్గానికి పట్టుపోగు కండెలు చుట్టేది. చుట్టిన కండెలు తెచ్చి ఇచ్చేటప్పుడు వీడు ఏదో అనబోతే, చేతిలో బుట్ట కింద పెట్టి నిలబడేదట, మాట పూర్తయ్యేదాకా. ఆ బుట్ట కింద పెట్టడం గురించే వాడు నాకు చెప్పాడు, పొగిడింది అదొక్కటే, రంగు గురించి, కళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. అప్పుడైనా నాకు అర్థం కావాలి కదా, వాడికి కావలసిందేమిటో. అర్థం కాలేదు. నేను సంబరపడిపోయి తాంబూలానికి వక్కలు ఎక్కడ మంచివి దొరుకుతాయా అని ఆలోచిస్తూ ఉన్నాను.

మాకు పెద్దవాళ్ళు లేరు, వాళ్ళింట్లో మాట చెల్లేది అవ్వ అంజనమ్మది. ఆ ముసలామె ముందే కబురు పంపింది, పిల్లోడే వచ్చి పిల్లోడి నోటితోనే అడగల్ల అని. మాకు అట్లాంటి ఆచారం లేదు, ఎక్కడైనా పెద్దవాళ్ళే అడుగుతారు. కానీ ఆమెది ఒక కథ ఉంది. పెద్ద మనవరాలిని తల్లిచాటు మొగుడికి ఇచ్చారట, అత్త ఏమంటే అదే, మొగుడు నోరెత్తి ఒక్క మాట అడ్డం చెప్పింది లేదట, ఆ పిల్ల ఏడాదికే పుట్టింటికి వచ్చేసింది. అందుకని ఈసారి మొగవాడి గొంతు తాను వినాలని పట్టుబట్టింది, అంతే. నత్తి ఉందని ఆమెకు తెలుసు, నత్తికి ఆమెకు పట్టింపు లేదు. వాడు నెలరోజులు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఆ ఒక్క ముక్కే నేసుకున్నాడు, లోపల లోపల. నన్ను పిలుచుకుపోయేటప్పుడు బస్సులో పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, ఎంతసేపో తీసుకుని, "అక్కా, నువ్వు మాట్లాడొద్దు," అన్నాడు. నేను సరేనన్నాను, నవ్వుతూ అన్నాను. నాకేం తెలుసు నా సరే ఎంత పల్చనిదో.

చాప మీద అందరమూ కూర్చున్నాము. తాంబూలం పళ్ళెం వాడి ఒళ్ళో ఉంది. సుంకమ్మ తలుపు వెనక ఉంది, గాజుల చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది నాకు. అంజనమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, "అడుగు నాయనా, ఎంతసేపైనా కానీ, నాకేం పనుండాది," అంది. అవ్వా, అన్నాడు, బాగానే అన్నాడు. మీ అన్నాడు. సుంకమ్మను అనడానికి ఎంతసేపు పట్టిందో, శ్రీరంగప్ప పైకప్పు చూశాడు, ఎవరో పిల్ల కిసుక్కుమంది, అవ్వ కదల్లేదు. సుంకమ్మను అన్నాడు. తర్వాత ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు, మెడ మీద నరం లేచింది, పళ్ళెంలో వక్కలు గలగలమన్నాయి. నాకు ఆ ఎర్రపెట్ట గుడ్డులోంచి వచ్చిన కూత వినిపించింది, నిజంగానే వినిపించింది, లోపల ఊపిరాడక చచ్చిపోతాడు నా తమ్ముడు అనిపించింది. అనిపించడం ఆలస్యం, నోరు తెరిచాను. మీ సుంకమ్మను మావానికి ఇయ్యండవ్వా, వానికి నోరు తిరగదు గానీ చెయ్యి బాగా తిరుగుతాది, అన్నాను. ఎంత తెలివైన మాట. చాప మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు వెనక గాజుల చెయ్యి లోపలికి పోయింది.

"నేను అడిగింది ఆ పిల్లోని నోటి మాట," అంది అంజనమ్మ, కోపం లేదు ఆమె గొంతులో, అలసట ఉంది. "నీ మాట గాదు తల్లీ. రేపు నా మనవరాలికి కష్టమొస్తే గూడా నువ్వే మాట్లాడతావు. మాకొద్దు." శ్రీరంగప్ప ఏదో సర్దబోయాడు, ఆమె చెయ్యెత్తి ఆపింది. చిన్నప్ప పళ్ళెం తీసి చాప మీద పెట్టి లేచాడు, నా వైపు చూడలేదు. బస్సులో నేను ఎంత మాట్లాడానో లెక్కలేదు, ముసలిదాన్ని తిట్టాను, ధర్మవరాన్ని తిట్టాను, ఇంతకంటే మంచి పిల్లను తెస్తానన్నాను. వాడు కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఆ రోజు నుంచి నాతో మాట మొదలుపెట్టలేదు. ధర్మవరం వదిలి రాయదుర్గం పోయాడు. సుంకమ్మను ఎవరికో ఇచ్చారని విన్నాను.

ఇన్నేళ్ళూ నన్ను నిద్రపోనిచ్చింది ఒక్క సమాధానమే. వాడికి వచ్చేది కాదులే, అని. నేను నోరు తెరవకపోయినా అక్కడే ఆగిపోయేవాడు, అందరిలో ఇంకా పరువు పోయేది, నేను కాపాడాను, ముసలిది మూర్ఖురాలు. ఈ సమాధానం రోజూ వాడుకున్నాను, ఇంట్లో ఉన్న ఒక్క దుప్పటిలా. మొన్న ఉగాదికి ముందు రాయదుర్గం నుంచి బట్టలమ్మే రహంతుల్లా వచ్చి దాన్ని కూడా లాగేశాడు. మీ తమ్ముడు మా వీధిలోనే కదక్కా ఉండేది, మాపటేల పిల్లోళ్ళను కూచోబెట్టుకోని కతలు జెప్తాడు, నత్తినత్తిగానే జెప్తాడు, వాళ్ళూ ఇంటాండారు, అన్నాడు చీర మడతేస్తూ. కథలు చెబుతాడట. కథంటే ఎన్ని మాటలు. నేను ఆ రోజు చీర కొనకుండానే పంపేశాను, వంట చేయలేదు, మా ఆయన ఏమైందంటే గాలికి కంట్లో దుమ్ము పడిందన్నాను. వాడికి మాట ఉంది. నాతోనే లేదు, అంతే.

చూడక తప్పదు. గుడ్డు చేతిలోకి తీసుకున్నాను, వెచ్చగానే ఉంది. పొర గోధుమరంగు, ఎండి చెక్కలా అయింది. ముక్కు కొన కదులుతోంది, కూత లేదు, నోరు తెరిచి మూస్తోంది అంతే. పగలూ రాత్రీ గడిచాయి, ఇప్పుడు జమీలాబీ అయితే తడిపి ఉండేది, నాకు తెలుసు, ముప్పై ఏళ్ళ నుంచి తెలుసు. అయినా నా వేళ్ళు రావడం లేదు. ముట్టకూడనప్పుడు ముట్టిన చేతులు ముట్టవలసినప్పుడు మొరాయిస్తున్నాయి, వీటితో నేను ఏం చేసుకోవాలి. నల్లపెట్ట లేచింది. ఒళ్ళు దులుపుకుని గంప అంచు మీదకు ఎక్కింది, పిల్లలు కింద గోల. కళ్ళలో నీళ్ళు తిరిగి నాకు గుడ్డు సరిగ్గా కనిపించడం లేదు.

గుమ్మంలో నీడ పడింది. చిన్నప్ప. చూశాడు, నన్ను, గుడ్డును, అంచు మీద కోడిని. తుండుగుడ్డ కొస కడవలో ముంచి, పిండి, వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి చాచాడు. ఇచ్చాను. తడిగుడ్డ పొర మీద ఆనించి ఊరికే పట్టుకున్నాడు, ఎంతసేపో, పోగు అతికేటప్పుడు పట్టుకునేది ఇట్లాగే అయి ఉంటుంది. పొర మెత్తబడింది. చిటికెన వేలి గోరుతో పెంకు అంచు బియ్యపుగింజంత లేపాడు, ఆగాడు, రక్తం లేదు. ఇంకొంచెం లేపాడు. మళ్ళీ ఆగాడు. పిల్ల తల ఒకవైపు తిరిగింది, చిన్నగా, తడిగా, అసహ్యంగా, కూసింది. అక్కడితో వదిలేశాడు. ఇంకా సగం పెంకు ఉంది, నేనైతే మొత్తం తీసేసేదాన్ని. కోడిని రెండు చేతులా పట్టి గంపలో కూర్చోబెట్టి గుడ్డు దాని కిందికి తోశాడు, అది వాడి చేతి మీద పొడిచింది, వాడు నవ్వాడు. ఎన్నేళ్ళకు ఈ ఇంట్లో నవ్వాడు.

చేతులు తొడల కింద పెట్టుకున్నాను. వాడు అది చూశాడు.

"అక్కా," అన్నాడు. "నే... నేను శ్రావణంలో పెండ్లి జే... జేసుకుంటాండా."

ఎవురప్పా, ఏ ఊరు, మనవాళ్ళేనా, ఎప్పుడు కుదిరింది, నాకెందుకు చెప్పలేదు. అన్నీ వచ్చాయి, పళ్ళ వెనక దాకా వచ్చాయి. నాలుక కొరుక్కున్నాను, ఉప్పగా తగిలింది. వాడు నా ముఖం చూస్తూ, ఇంకా నేను ఏమీ అనకపోవడం చూస్తూ, కొంచెం ఆశ్చర్యపడి, నెమ్మదిగా చెప్పాడు. పేరు కదిరమ్మ. బట్టలు కుట్టే చోట పని. మొగుడు పోయాడు, ఒక పాప. "నేనే అ... అడిగినా. ఎవురినీ తో... తోడు తీసుకపోలేదు. చేతిలో కుట్టుపని పక్కన బె... బెట్టి కూచునింది, చెప్పేదంకా." ఇంత చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. మొదటిసారి లెక్కపెట్టలేదు. వాడి మెడ మీద నరం లేస్తుంది, పడుతుంది, కళ్ళు మూస్తాడు, తెరుస్తాడు, మాట వస్తుంది. వస్తుంది, అంతే. ఎప్పుడూ వచ్చేదేనేమో.

"ఆ పొద్దు గూడా," అన్నాడు. ఆగాడు. గాలికి తలుపు కొట్టుకుంది, వాడు లేచి గొళ్ళెం పెట్టి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఏ పొద్దో అడగవలసిన పని నాకు లేదు. నన్ను క్షమించు అందామని నోటిదాకా వచ్చింది, అది కూడా వాడి మాటకు అడ్డమే కదా, మింగేశాను.

"ఆ పొద్దు గూడా నా... నాకు అని అంటి. నీ మాటల్లో ఇ... ఇనపడల్యా. ఒ... ఒక్క మాటే మిగిలిండెక్కా. ఇయ్యండి అనేది."

కోపంగా అనలేదు. అడిగితే దారి చెప్పినట్టు చెప్పాడు. పన్నెండేళ్ళు కప్పుకున్న ఆ దుప్పటిలో మిగిలిన పీలిక కూడా పోయింది. వాడికి వచ్చేది కాదు అనుకున్నాను, ఒక్క మాట దూరంలో ఉన్నాడు వాడు. ఇయ్యండి. మూడక్షరాలు. అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంది, గాజుల చెయ్యి తలుపు పట్టుకునే ఉంది, అందరికీ వ్యవధి ఉంది ఆ ఇంట్లో, నాకు తప్ప. ఏడుపు వచ్చింది, శబ్దం రానివ్వలేదు, అదొక్కటే నేను వాడికి ఇవ్వగలిగింది ఆ క్షణాన. ఊరి మలుపులో బస్సు హారన్ వినిపించింది. వాడు లేచి సంచి భుజాన వేసుకున్నాడు, గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, చాలాసేపు నిలబడ్డాడు. డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టాడు, వాడు తొందరపడలేదు, నేనూ పోరా బస్సు పోతుంది అనలేదు.

"పె... పెండ్లికి రా అక్కా," అన్నాడు. "వచ్చి ఊ... ఊరికే కూచో."

తల ఊపాను. ఇన్నేళ్ళూ వాడు నాకు ఊపినట్టే ఊపాను. జాగ్రత్త అనలేదు, నీళ్ళు తాగిపో అనలేదు, కదిరమ్మకు చీర ఏ రంగు తేవాలి అనలేదు. బస్సు పోయిన దుమ్ము తలుపు కింది నుంచి లోపలికి వచ్చి నేల మీద పరుచుకుంది. నల్లపెట్ట ఇంక ఆగలేక తొమ్మిదింటినీ వెంటబెట్టుకుని గంప దిగింది. పొట్టులో పదకొండోది ఒక్కటే ఉంది, తల, ఒక రెక్క, ఒక కాలు బయట, వెనక వైపు మాత్రం పెంకు ఇంకా అంటుకుని ఉంది. పొర తడిగానే ఉంది. తన్నుతుంది, ఆగుతుంది, మళ్ళీ తన్నుతుంది. ఆ ముక్క తీయడం నాకు ఒక్క క్షణం పని. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.